యుద్ధం గెలిచి రాజ్యం ఓడిపోయిన కల్నల్: అస్లాన్ మస్ఖదోవ్

పోయిన ఎపిసోడ్‌లో జోఖర్ దుదాయెవ్ గురించి చెప్పుకున్నాం కదా, శాటిలైట్ ఫోన్‌లో మాట్లాడుతుంటే ఆ సిగ్నల్ పట్టుకుని మిసైల్ వచ్చి పడిందని. అప్పుడు చాలామంది అడిగారు, ఆ తర్వాత చెచెన్యా ఏమైంది, యుద్ధం ఎవరు నడిపారు అని. ఈ రోజు ఆ మనిషి కథే. పేరు అస్లాన్ మస్ఖదోవ్.

ముందు రెండు సీన్లు చెప్తాను. మొదటిది 1997 మే 12, మాస్కో, క్రెమ్లిన్. ఒక పెద్ద టేబుల్. ఒకవైపు రష్యా ప్రెసిడెంట్ బోరిస్ యెల్ట్సిన్, ఇంకోవైపు ఊలు టోపీ పెట్టుకున్న మస్ఖదోవ్. ఇద్దరూ కలిసి ఒక చిన్న కాగితం మీద సంతకం పెట్టారు. ఇక మీదట మన మధ్య ఏ గొడవ వచ్చినా బలం వాడం, వాడతామని బెదిరించం, ఎప్పటికీ అని దాని సారాంశం. రెండోది 2005 మార్చి. రష్యన్ టీవీలో ఒక ఫుటేజ్. ఇంటి పెరట్లో గచ్చు మీద చొక్కా లేకుండా, చేతులు బార్లా చాపుకుని ఒక శవం పడి ఉంది. అదీ ఈయనే.

మధ్యలో ఎనిమిదేళ్లు కూడా లేవు. ఈ ఎనిమిదేళ్లలో ఏం జరిగింది అన్నదే నాకు ఇంట్రెస్టింగ్. ఎందుకంటే ఇందులో రష్యా తప్పు ఎంత ఉందో, ఈయన తప్పు కూడా అంత కాకపోయినా కొంత ఉంది. అది దాచిపెట్టి హీరో కథ చెప్పడం నాకు ఇష్టం లేదు. అలాగని రష్యన్ టీవీ చెప్పినట్టు ఒక టెర్రరిస్టు చచ్చాడు, ఫైల్ క్లోజ్ అనడం కూడా కుదరదు.

సరే, మొదటి నుంచి వద్దాం.

మస్ఖదోవ్ పుట్టింది చెచెన్యాలో కాదు. 1951 సెప్టెంబర్ 21న కజకిస్తాన్‌లో, కరగండా ప్రాంతంలో. అక్కడెందుకు పుట్టాడు? 1944 ఫిబ్రవరి 23న స్టాలిన్ ఆర్డర్ మీద చెచెన్, ఇంగుష్ జాతుల వాళ్లందర్నీ, పసిపిల్లలు, ముసలివాళ్లు ఎవర్నీ వదలకుండా లారీల్లో ఎక్కించి, అక్కడి నుంచి గూడ్సు బండ్లలో కుక్కి మధ్య ఆసియాకి తోలేశారు. దాదాపు 5 లక్షల మంది. జర్మన్లకి సాయం చేశారన్నది ఆరోపణ. జర్మన్ సైన్యం చెచెన్యాలో దాదాపు అడుగే పెట్టలేదు, అది వేరే సంగతి. ఆ ఆపరేషన్‌కి పెట్టిన పేరు ‘చెచెవిత్స’. రష్యన్‌లో ఆ మాటకి అర్థం మసూర్ పప్పు! చెచెన్ అన్న పదానికి దగ్గరగా ఉందని పెట్టి ఉంటారు. దారిలో, తర్వాత ఆ చలిలో, ఆకలితో లక్షకు పైగా మనుషులు పోయారని చరిత్రకారుల అంచనా. వాళ్ల రిపబ్లిక్‌నే మ్యాప్ మీద నుంచి తీసేశారు. వాళ్ల శ్మశానాల్లో సమాధి రాళ్లు పీకి రోడ్లకీ కట్టడాలకీ వాడారు. ఈ రాళ్ల సంగతి గుర్తుపెట్టుకోండి. తర్వాత దుదాయెవ్ ప్రభుత్వం దొరికిన రాళ్లన్నీ ఏరుకొచ్చి గ్రోజ్నీలో ఒక స్మారకం కట్టింది.

స్టాలిన్ పోయి క్రుశ్చేవ్ వచ్చాక, 1957లో వెనక్కి వెళ్లనిచ్చారు. మస్ఖదోవ్ కుటుంబం అలా జెబిర్-యుర్త్ అనే ఊరికి చేరింది. అప్పటికి పిల్లాడికి ఆరేళ్లు.

ఇప్పుడు ఆలోచించండి. తన జాతి మొత్తాన్ని పశువుల్లా తోలిన రాజ్యం. ఆ పిల్లాడు పెద్దయ్యాక ఏం చేశాడు? ఆ రాజ్యం సైన్యంలోనే చేరాడు. 1972లో జార్జియాలోని తిబిలిసి ఆర్టిలరీ స్కూల్ నుంచి ఆఫీసర్‌గా బయటికొచ్చాడు. దూర ప్రాచ్యంలో డ్యూటీ చేశాడు. 1981లో లెనిన్‌గ్రాడ్‌లోని ఆర్టిలరీ అకాడమీ నుంచి ఆనర్స్‌తో పాసయ్యాడు. తర్వాత హంగరీలో పోస్టింగ్, ఆ తర్వాత లిథువేనియాలోని విల్నియస్‌లో ఒక ఆర్టిలరీ రెజిమెంట్‌కి కమాండర్. కల్నల్ దాకా వెళ్లాడు. ఫిరంగి దళం అంటే లెక్కల పని. దూరం ఎంత, గాలి ఎటు, గుండు ఏ కోణంలో వెళ్తే ఎక్కడ పడుతుంది. వీరావేశంతో కత్తి తిప్పే టైపు కాదన్నమాట. ఆయన గురించి రాసిన వాళ్లంతా దాదాపు ఇదే చెప్తారు: నెమ్మదస్తుడు, తక్కువ మాట్లాడతాడు, కాగితం పెన్సిల్ మనిషి.

విల్నియస్ విషయంలో ఒక మచ్చ ఉంది. 1991 జనవరి 13న లిథువేనియా స్వాతంత్ర్యాన్ని అణచడానికి సోవియట్ ట్యాంకులు టీవీ టవర్ మీదకి వెళ్లాయి, 14 మంది చనిపోయారు. అప్పుడు మస్ఖదోవ్ ఆ గ్యారిసన్‌లోనే ఆఫీసరు. ఆ రాత్రి ఆయన పాత్ర ఉందా లేదా అని ఈ రోజుకీ వాదనలు నడుస్తూనే ఉన్నాయి. ఇంకొకరి స్వాతంత్ర్యాన్ని తొక్కడానికి వెళ్లిన సైన్యంలో నిలబడి చూసిన మనిషి, నాలుగేళ్లు తిరక్కుండా తన జాతి స్వాతంత్ర్యం కోసం అదే సైన్యం మీద ఫిరంగి పేల్చాడు. చరిత్రలో ఇలాంటివి మనం కల్పించి రాస్తే నమ్మరు.

1992లో ఆర్మీ నుంచి బయటికొచ్చి గ్రోజ్నీ వెళ్లాడు. అప్పటికే దుదాయెవ్ స్వాతంత్ర్యం ప్రకటించేశాడు. మస్ఖదోవ్‌కి ముందు సివిల్ డిఫెన్స్ అప్పగించారు, 1994 నాటికి చీఫ్ ఆఫ్ స్టాఫ్. పేరుకే చీఫ్. చేతికింద ఉన్నది సైన్యం కాదు, తుపాకులు పట్టుకున్న ఊళ్లు. ఏ కమాండర్‌కి ఆ కమాండరే రాజు.

చెచెన్యా ఎంత ఉంటుందో ఒక ఐడియా కోసం చెప్తాను. మన ఉమ్మడి అనంతపురం జిల్లా కంటే కొంచెం చిన్నది. జనం పది లక్షల చిల్లర. అవతల ఉన్నది అణుబాంబులున్న రష్యా. 1994 నవంబర్ చివర్లో రష్యా రక్షణ మంత్రి పావెల్ గ్రాచోవ్, ఒక్క పారాట్రూపర్ రెజిమెంట్ పంపిస్తే రెండు గంటల్లో పని అయిపోతుందన్నాడు. డిసెంబర్ 11న సైన్యం బయలుదేరింది. డిసెంబర్ 31 రాత్రి, అందరూ న్యూ ఇయర్ చేసుకునే టైంలో, గ్రోజ్నీలోకి ట్యాంకులు దిగాయి.

ఇక్కడ కొంచెం ఆగుదాం, ఎందుకంటే మస్ఖదోవ్ పేరు ప్రపంచానికి తెలిసింది ఈ రాత్రే.

రష్యన్ సైనికుల్లో చాలామంది కుర్రాళ్లు, ట్రైనింగ్ సరిగ్గా లేదు, చేతిలో సరైన మ్యాపులు కూడా లేవు. ట్యాంకులతో పాటు నడవాల్సిన పదాతి దళం సరిపడా లేదు. మస్ఖదోవ్ కూర్చున్నది ప్రెసిడెంట్ ప్యాలెస్ బేస్‌మెంట్‌లో. ఆయన ట్యాంకుల్ని ఊరి బయట ఆపే ప్రయత్నం పెద్దగా చేయలేదు. లోపలికి రానిచ్చారు. వీధుల్లోకి వచ్చాక ముందున్న బండిని, చివరి బండిని కొడతారు. మధ్యలోవి ఇరుక్కుపోతాయి. ట్యాంకు గొట్టం ఒక హద్దు దాటి పైకి లేవదు, కిందికి వంగదు. అందుకే చెచెన్లు కాల్చింది పై అంతస్తుల నుంచి, సెల్లార్ల నుంచి. ఒక్కో గుంపులో కొద్దిమంది మాత్రమే. ఒకడి దగ్గర ఆర్‌పీజీ, ఒకడి దగ్గర మెషిన్ గన్, ఒకడు స్నైపర్. ఇంకొకటి: ఈ చెచెన్లలో చాలామంది సోవియట్ ఆర్మీలో పనిచేసినవాళ్లే. రష్యన్ వాళ్లకి వచ్చు. రష్యన్ రేడియోల్లో ఎన్‌క్రిప్షన్ లేకుండా మాట్లాడుకుంటుంటే వీళ్లు ఇక్కడ కూర్చుని వింటున్నారు! ఎవరెక్కడున్నారో అవతలి వాళ్లే చెప్తున్నట్టు.

మైకోప్ నుంచి వచ్చిన 131వ బ్రిగేడ్ రైల్వే స్టేషన్ దాకా వెళ్లి చిక్కుకుపోయింది. 26 ట్యాంకుల్లో 20 పోయాయని ఎక్కువగా చెప్పే లెక్క. దాని కమాండర్ కూడా చనిపోయాడు. ఇది విని ఎవరైనా చప్పట్లు కొట్టాలనుకుంటే ఒక్క మాట: ఆ ట్యాంకుల్లో కాలిపోయినవాళ్లు పద్ధెనిమిది, పంతొమ్మిదేళ్ల పిల్లలు. బయట బాంబుల కింద చచ్చినవాళ్లు గ్రోజ్నీ పౌరులు, అందులో ఎక్కడికీ పోలేని రష్యన్ ముసలివాళ్లు కూడా చాలామంది. చెచెన్లకి ఎక్కడో ఒక ఊరు, అక్కడ ఒక బంధువు ఉంటారు. వీళ్లకి ఎవరుంటారు? ఆ రోజుల్లో రష్యా సొంత మానవ హక్కుల కమిషనర్ సెర్గేయ్ కొవాల్యోవ్ కూడా అదే ప్యాలెస్ బేస్‌మెంట్‌లో ఉండి, సొంత దేశం వేస్తున్న బాంబుల చప్పుడు విన్నాడు.

జనవరి మూడో వారంలో ప్యాలెస్ వదిలేశారు. తర్వాత ఊరు, ఆ తర్వాత మైదానం, 1995 జూన్ కల్లా కొండల్లోని స్థావరాలు కూడా పోయాయి. యుద్ధం ఓడిపోయినట్టే. అప్పుడు ఈ కథలో రెండో మనిషి వస్తాడు. షామిల్ బసాయెవ్.

బసాయెవ్ మస్ఖదోవ్‌కి పూర్తిగా ఆపోజిట్. కుర్రాడు, దూకుడు. 1995 జూన్‌లో మనుషుల్ని తీసుకుని రష్యా లోపలికి, బుద్యోనోవ్‌స్క్ అనే ఊరికి వెళ్లి, ఆస్పత్రిలో 1,500 మందికి పైగా జనాన్ని బందీలుగా పట్టుకున్నాడు. గర్భిణులు, పేషెంట్లు అందరూ ఉన్నారు. వందమందికి పైగా చనిపోయారు. చివరికి రష్యా ప్రధాని చెర్నోమిర్దిన్ టీవీ కెమెరాల ముందే ఫోన్లో బసాయెవ్‌తో మాట్లాడి, కాల్పుల విరమణకి, చర్చలకి ఒప్పుకున్నాడు.

ఆ చర్చల్లో చెచెన్ల తరఫున కూర్చున్నది ఎవరు? మస్ఖదోవ్. ఆయనకి అవతల రష్యన్ జనరల్ అనతోలీ రొమానోవ్. ఇద్దరూ సోవియట్ ఆఫీసర్లే కాబట్టి మాట కలిసింది, జూలై 30న సైనిక ఒప్పందం కుదిరింది. అక్టోబర్‌లో గ్రోజ్నీలో రొమానోవ్ కాన్వాయ్ కింద బాంబు పేలింది. ఆయన ప్రాణం పోలేదు గానీ మళ్లీ మామూలు మనిషి కాలేదు. ఒప్పందం గాలికి పోయింది.

నన్నడిగితే మస్ఖదోవ్ జీవితానికి బీజం ఇక్కడే పడింది. తను టేబుల్ దగ్గర కూర్చునే అవకాశం వచ్చింది ఆస్పత్రి మీద పడ్డ బసాయెవ్ వల్ల. అంటే ఆ పద్ధతి పనిచేస్తుందని అందరూ చూశారు. అది చూసినవాళ్లు ఊరుకుంటారా?

1996 ఏప్రిల్‌లో దుదాయెవ్ పోయాడు. ఆగస్టు 6న, యెల్ట్సిన్ రెండోసారి ప్రమాణ స్వీకారానికి మూడు రోజుల ముందు, చెచెన్లు గ్రోజ్నీలోకి మళ్లీ దిగారు. ప్లాన్ మస్ఖదోవ్‌ది. మొదట లోపలికి వచ్చినవాళ్లు సుమారు 1,500 మంది అంటారు. ఊళ్లో రష్యన్ బలగాలు దానికి ఎన్నో రెట్లు. అయినా వాళ్లని ఎక్కడికక్కడ చెక్‌పోస్టుల్లో, ఆఫీసుల్లో ముట్టడించి కూర్చున్నారు. రష్యన్ జనరల్ పులికోవ్‌స్కీ, 48 గంటల్లో జనం ఖాళీ చేయండి, తర్వాత ఊరిని నేలమట్టం చేస్తానన్నాడు. అప్పుడు వచ్చాడు అలెగ్జాండర్ లెబెద్. మాజీ జనరల్, ఆ ఏడాది ప్రెసిడెంట్ ఎన్నికల్లో మూడో స్థానంలో నిలిచాడు, యెల్ట్సిన్ అతన్ని సెక్యూరిటీ కౌన్సిల్ సెక్రటరీని చేశాడు. ఆ అల్టిమేటం ఆపించాడు. ఆగస్టు 31 తెల్లవారుజామున, దాగెస్తాన్‌లోని ఖసవ్‌యుర్త్‌లో మస్ఖదోవ్, లెబెద్ సంతకాలు పెట్టారు. సైన్యం వెళ్లిపోతుంది. చెచెన్యా స్వతంత్రమా కాదా అన్నది 2001 డిసెంబర్ 31 లోగా తేల్చుకుందాం.

అంటే అసలు ప్రశ్నని వాయిదా వేశారన్నమాట.

1997 జనవరి 27న ఎన్నికలు. ఐరోపా భద్రతా సహకార సంస్థ పరిశీలకులు వచ్చి చూసి, జనం స్వేచ్ఛగానే ఓటేశారన్నారు. మస్ఖదోవ్‌కి 59 శాతం, బసాయెవ్‌కి 23 శాతం. ఇది చిన్న విషయం కాదండీ. అప్పుడే యుద్ధం గెలిచిన జనం, అందరికంటే పేరున్న వీరుడిని పక్కనపెట్టి, మాస్కోతో మాట్లాడగలిగే నెమ్మదస్తుడిని ఎన్నుకున్నారు. ఇక చాలు, బతకనివ్వండి అని వేసిన ఓటు అది. మాస్కో కూడా అప్పటికి సంతోషించింది.

కానీ ఇల్లలకగానే పండగ కాదు. రాజధాని శిథిలం. ఫ్యాక్టరీలు లేవు, జీతాలు లేవు. పొలాల్లో, రోడ్ల పక్కన మందుపాతరలు. మాస్కో ఇస్తానన్న డబ్బులో చాలా భాగం చేరనే లేదు. బాకు నుంచి నల్ల సముద్రానికి వెళ్లే ఆయిల్ పైప్‌లైన్ అప్పట్లో చెచెన్యా మీదుగానే పోయేది. దానికి కన్నాలు పెట్టి నూనె తోడుకుని, పెరట్లోనే కాచి పెట్రోల్ చేసి అమ్ముకోవడం ఒక పరిశ్రమ అయిపోయింది. ఇంకో పరిశ్రమ కిడ్నాపులు.

ఎన్నికలకి ముందే, 1996 డిసెంబర్ 17న నోవీ అతాగి ఊళ్లోని రెడ్‌క్రాస్ ఆస్పత్రిలో నిద్రపోతున్న ఆరుగురు సిబ్బందిని కాల్చి చంపారు. 1998 మేలో యెల్ట్సిన్ ప్రతినిధి వ్లాసోవ్‌నే ఎత్తుకుపోయారు. అదే ఏడాది అక్టోబర్‌లో నలుగురు టెలికాం ఇంజనీర్లు, ముగ్గురు బ్రిటిషర్లు, ఒక న్యూజిలాండ్ ఆయన. మన ఫీల్డ్ వాళ్లే అనుకోండి. యుద్ధంలో తెగిపోయిన ఫోన్ నెట్‌వర్క్ మళ్లీ వేయడానికి వెళ్లారు. డిసెంబర్‌లో వాళ్ల తలలు రోడ్డు పక్కన దొరికాయి. ఆన్‌సైట్ అంటే ఎగిరి గంతేసిన బ్యాచ్‌లో నేనూ ఒకణ్ణి. ఈ వార్త చదివాక నాకు చాలాసేపు స్క్రిప్టు ముందుకి కదల్లేదు.

ఆ తర్వాత విదేశీయులు ఎవరొస్తారు? పెట్టుబడి ఎవరు పెడతారు? ఏ దేశం గుర్తిస్తుంది? చివరికి గుర్తించింది 2000లో తాలిబాన్ ఒక్కటే, అప్పటికి ఆ గుర్తింపు సాయం కాదు, శాపం.

మరి ప్రెసిడెంట్ ఏం చేస్తున్నాడు? ఇక్కడే నాకు ఆయన మీద కోపం వస్తుంది, జాలీ వస్తుంది. 1998 మొదట్లో బసాయెవ్‌ని తాత్కాలిక ప్రధానిని చేశాడు. కొరివితో తల గోక్కున్నట్టు. లోపల ఉంటే అదుపులో ఉంటాడనుకున్నాడేమో. ఆరు నెలలకే అది చెడింది. ఆ జూలైలో గుదెర్మెస్‌లో వహాబీ దళాలకీ ప్రభుత్వ దళాలకీ పెద్ద పోరు జరిగింది. పదులమంది చచ్చారు. ప్రభుత్వం వైపు గెలిచింది. కిడ్నాపులకి పేరు మోసిన ఆర్బీ బరాయెవ్ హోదా పీకేశాడు, దళాన్ని రద్దు చేస్తున్నానన్నాడు. అదే అదను, అప్పుడే మొత్తం తుడిచేసి ఉండాల్సింది అని ఆయన మనుషులే తర్వాత అన్నారు. ఆయన ఆగిపోయాడు. కొద్ది రోజులకే ఆయన కారు మీద బాంబు దాడి, ప్రాణాలతో బయటపడ్డాడు.

ఎందుకు ఆగాడు? చెచెన్ సమాజంలో తెయిప్‌లు ఉంటాయి, అంటే వంశాల లాంటివి. ఒకణ్ణి చంపితే వాడి వంశం మొత్తం పగ తీర్చుకోవాలి. ఒకసారి అంతర్యుద్ధం మొదలైతే అఫ్ఘానిస్తాన్ అవుతుంది, రష్యా మళ్లీ దూరుతుంది, ఇది ఆయన భయం. భయం తప్పు కాదు. కానీ ప్రభుత్వం మాట ఎవరూ విననప్పుడు అంతర్యుద్ధం లేకపోవడం శాంతి అనిపించుకోదు కదా. 1999 ఫిబ్రవరిలో ఇంకో మెట్టు దిగాడు. షరియా చట్టం ప్రకటించి, పార్లమెంట్‌కి చట్టాలు చేసే అధికారం తీసేశాడు. తనకి ఓటేసిన జనం అడిగింది అది కాదు. తుపాకులున్నవాళ్లు అడిగింది. వాళ్ల డిమాండ్ తనే తీర్చేస్తే వాళ్ల చేతిలో అంశం ఉండదనుకున్నాడు. వాళ్లు ఇంకోటి అడిగారు.

1999 ఆగస్టు 7న బసాయెవ్, అరబ్ కమాండర్ ఖత్తాబ్ మనుషుల్ని తీసుకుని పక్కనున్న దాగెస్తాన్ మీద పడ్డారు. రెండ్రోజులకి మాస్కోలో ఒక కొత్త ప్రధాని, వ్లదిమిర్ పుతిన్. సెప్టెంబర్‌లో బుయినాక్‌స్క్, మాస్కో, వోల్గోదోన్‌స్క్‌లలో అపార్ట్‌మెంట్లు పేల్చేశారు, దాదాపు 300 మంది పోయారు. ఆ పేలుళ్ల వెనక ఎవరు అన్నది ఒక పూర్తి ఎపిసోడ్, ఇప్పుడు వద్దు. మస్ఖదోవ్ దాగెస్తాన్ దాడిని ఖండించాడు, మాట్లాడుకుందాం అన్నాడు. పుతిన్ షరతు బసాయెవ్ లాంటివాళ్లని అప్పగించమని. అప్పగించే బలం ఈయనకి లేదు. బలం ఉంటే దాడే జరిగేది కాదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

అదే సమయంలో ఇంకో మనిషి ఇంకో దారి ఎంచుకున్నాడు. చెచెన్యా ముఫ్తీ అఖ్మత్ కదిరోవ్. మొదటి యుద్ధంలో రష్యా మీద జిహాద్ అన్నవాడే. కానీ వహాబీల్ని మొదటి నుంచీ పడనిచ్చేవాడు కాదు. దాగెస్తాన్ గొడవ తర్వాత బసాయెవ్‌తో తెంచుకో అని మస్ఖదోవ్‌తో పోట్లాడాడు. మస్ఖదోవ్ తెంచుకోలేదు. రష్యన్ సైన్యం మళ్లీ వస్తున్నప్పుడు మన కమాండర్లని మనమే ఎలా వదులుకుంటాం అన్నది ఆయన లెక్క. కదిరోవ్‌ని పదవి నుంచి తీసేశాడు. కదిరోవ్ మాస్కో పక్షానికి వెళ్లిపోయాడు. 2000లో పుతిన్ అతన్నే చెచెన్యాకి అధిపతిని చేశాడు. ఒకే శిబిరంలో ఉన్న ఇద్దరు, ఒకే ప్రమాదం చూసి, ఒకరు సొంతవాళ్లలోని ఉన్మాదులతో ఉండిపోయారు, ఇంకొకరు ఊరు తగలబెట్టినవాళ్లతో చేతులు కలిపారు. ఎవరు కరెక్ట్ అంటే నేను చెప్పలేను. కదిరోవ్ 2004 మే 9న గ్రోజ్నీ స్టేడియంలో బాంబుకి చచ్చిపోయాడు. చేయించింది నేనే అన్నాడు బసాయెవ్. ఆయన కొడుకు రమ్జాన్ 2007లో పీఠమెక్కాడు, అక్కడ ఎలాంటి పాలన నడిచిందో మీకు ఇన్‌స్టాలో కూడా కనపడుతూనే ఉంటుంది.

రెండో యుద్ధంలో మొదటిదాని పొరపాట్లు రష్యా చేయలేదు. ట్యాంకులతో దూకలేదు, దూరం నుంచి కొట్టింది. 1999 అక్టోబర్ 21న గ్రోజ్నీ మార్కెట్ మీద మిసైళ్లు పడి వందమందికి పైగా చచ్చారు. రెండు లక్షల మందికి పైగా పక్కనున్న ఇంగుషేతియాకి పారిపోయారు. 2000 ఫిబ్రవరికి గ్రోజ్నీ పడిపోయింది. ఫైటర్లు మందుపాతరల మీదుగా తప్పించుకుంటుంటే బసాయెవ్ పాదం పోయింది. మస్ఖదోవ్ ఇక అజ్ఞాతంలోకి వెళ్లిపోయాడు. ఎన్నికైన ప్రెసిడెంట్, కానీ ఏ రాత్రి ఎక్కడ పడుకుంటాడో తెలియదు.

2001 నవంబర్‌లో ఒక్కసారి మాస్కో విమానాశ్రయంలో ఆయన ప్రతినిధి జకాయెవ్, పుతిన్ ప్రతినిధి కజన్‌ట్సెవ్ కలిశారు. అంతే, ముందుకు వెళ్లలేదు. 2002 వేసవిలో మస్ఖదోవ్ బసాయెవ్‌ని మళ్లీ అధికారికంగా తన కమాండ్‌లోకి తెచ్చుకున్నాడు. నా దృష్టిలో ఆయన చేసిన పెద్ద తప్పు ఇదే, 1998 కన్నా పెద్దది. ఎందుకంటే ఈసారి బసాయెవ్ ఎవరో తెలియక చేసింది కాదు. ఆ అక్టోబర్‌లోనే మాస్కో థియేటర్‌లో బందీల సంఘటన, రష్యన్ బలగాలు వదిలిన గ్యాస్ వల్ల సుమారు 130 మంది బందీలు చచ్చిపోయారు. మస్ఖదోవ్ ఖండించాడు, నాకు తెలియదన్నాడు. నిజమే కావచ్చు. కానీ నీ కమాండ్‌లో ఉన్నవాడు చేస్తే, నాకు తెలియదంటే ఎవరు వింటారు?

2004 సెప్టెంబర్ 1. బెస్లాన్. స్కూలు మొదటిరోజు, పువ్వులు పట్టుకుని వచ్చిన పిల్లలు. మూడు రోజుల తర్వాత 330 మందికి పైగా చనిపోయారు, అందులో 186 మంది పిల్లలు. దీని గురించి ఇంతకంటే మాట్లాడటం నా వల్ల కాదు. ఒక్క విషయం మాత్రం చెప్పాలి. ఆ మూడు రోజుల్లో ఉత్తర ఒసేషియా ప్రెసిడెంట్ లండన్‌లో ఉన్న జకాయెవ్‌కి ఫోన్ చేసి మస్ఖదోవ్ సాయం అడిగాడు. మస్ఖదోవ్ వచ్చి మాట్లాడటానికి సిద్ధమని జకాయెవ్ చెప్పాడు. ఆ లోపే స్కూల్లో పేలుళ్లు, ముట్టడి, అంతా అయిపోయింది. బసాయెవ్ బాధ్యత తనదే అన్నాడు. రష్యా మాత్రం బసాయెవ్, మస్ఖదోవ్ ఇద్దరి మీదా 30 కోట్ల రూబుళ్ల రివార్డు ప్రకటించింది. అంటే అప్పట్లో దాదాపు కోటి డాలర్లు.

డిసెంబర్‌లో మస్ఖదోవ్ బంధువులు ఎనిమిది మందిని ఎవరో ఎత్తుకెళ్లారు, అందులో ఆయన తోబుట్టువులు కూడా ఉన్నారు. ఆయన చచ్చిపోయాక కొన్ని నెలలకి గానీ వాళ్లు బయటికి రాలేదు.

2005 ఫిబ్రవరిలో మస్ఖదోవ్ చివరి పత్తా వేశాడు. ఏకపక్షంగా కాల్పుల విరమణ. ఆ నెల 22 దాకా ఎవరూ దాడులు చేయొద్దని ఆర్డర్. పుతిన్‌తో అరగంట మాట్లాడితే యుద్ధం ఆపొచ్చు అన్నాడు. ఆశ్చర్యం ఏంటంటే బసాయెవ్ కూడా ఆ ఆర్డర్ పాటిస్తానన్నాడు. ఎన్నో ఏళ్లుగా మొదటిసారి కమాండర్లందరూ ఆయన మాట విన్నారు. మాస్కో జవాబివ్వలేదు.

మార్చి 8న, గ్రోజ్నీకి దగ్గర్లోనే ఉన్న తోల్‌స్తోయ్-యుర్త్ అనే ఊళ్లో, ఒక ఇంటి కింద నేలమాళిగలో ఆయన ఉన్నట్టు రష్యా భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌బీకి తెలిసింది. ఆ ఊరి పేరు టాల్‌స్టాయ్ మీదే పెట్టారు, కుర్రతనంలో ఆయన కాకసస్ సైన్యంలో పనిచేస్తూ అక్కడ గడిపాడు. మాళిగని పేల్చారు. మస్ఖదోవ్ ఎలా చచ్చాడన్నదానికి ఒక్క వెర్షన్ లేదు. పేలుడుకి అన్నారు, తోడున్నవాడి తుపాకీ పొరపాటున పేలింది అన్నారు. ఆయనతో పాటు పట్టుబడ్డ మేనల్లుడు కోర్టులో, నేను గాయపడి పట్టుబడే పరిస్థితి వస్తే నువ్వే కాల్చెయ్ అని మామయ్య ఎప్పుడూ చెప్పేవాడన్నాడు. కొన్ని రోజులకి ఆ ఇంటినే పేల్చేశారు. ఇక ఏ ఆధారమూ లేదు.

ఆయన వారసుడు సదులాయెవ్ 2006 జూన్‌లో, బసాయెవ్ జూలైలో చచ్చారు. 2007లో దోకు ఉమరోవ్ అనే కమాండర్ ఇక చెచెన్ స్వతంత్ర రిపబ్లిక్ అనేది లేదు, మనది కాకసస్ ఎమిరేట్ అని ప్రకటించాడు. 1997లో జనం ఓటేసినదాన్ని చివరికి రద్దు చేసింది మాస్కో కాదు, సొంత ఫైటర్లే.

శవం సంగతి చెప్పి ఆపుతాను. థియేటర్ ఘటన తర్వాత రష్యా ఒక చట్టం చేసింది, టెర్రరిజంలో చచ్చినవాళ్ల శవాలు కుటుంబానికి ఇవ్వరు, ఎక్కడ పూడ్చారో చెప్పరు. మస్ఖదోవ్ భార్య కుసామా, పిల్లలు యూరోపియన్ మానవ హక్కుల కోర్టుకి వెళ్లారు. 2013 జూన్‌లో తీర్పు వచ్చింది. ఆయన మరణం విషయంలో రష్యాది తప్పని కోర్టు అనలేదు. కానీ శవం ఇవ్వకపోవడం ఆ కుటుంబం హక్కుని కాలరాయడమే అంది. తీర్పు వచ్చినా శవం రాలేదు. గ్రోజ్నీలో ఆ పాత సమాధి రాళ్ల స్మారకాన్ని కూడా ఆ మరుసటి ఏడాదే, 2014లో, అక్కడి నుంచి తీసేశారు.

ఉంటాను మరి. వచ్చే వారం అపార్ట్‌మెంట్ పేలుళ్ల ఎపిసోడ్.